నమ్మదగినతనానికి ఐదు మార్కులు

2006 మే 22న డాక్టరు నా కుడికంటి గురించి చెప్పవలసింది చెప్పాడు. ఎడమకంటి సంగతి అంతకు నాలుగు నెలల ముందే చెప్పి ఉన్నాడు. చూపుకు నడిమధ్యన ఉండే పొర పాడవుతోందట. చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది కానీ, సరిగ్గా దేన్ని చూడాలనుకుంటానో అదే కనిపించకుండా పోతుందట. గోడ కనిపిస్తుంది, గోడ మీది గడియారంలో ముల్లు కనిపించదు. మనిషి కనిపిస్తాడు, ముఖం కనిపించదు.

"చదువుకోవడానికి ఇంకా ఎంత కాలం ఉంది?" అని అడిగాను.

"ఖచ్చితంగా చెప్పలేమమ్మా. ఆరు నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు."

"మందు?"

ఆయన గళ్ళ కార్డు ఒకటి చేతిలో పెట్టాడు. ఒక్కో కన్ను మూసి దాన్ని చూస్తూ ఉండాలి, గీతలు వంకర పోయినా మాయమైనా వచ్చి చెప్పాలి. ఆ కార్డు నాకు చాలలేదు. ఇంటికి వచ్చి గ్రాఫ్ కాగితం మీద ఇరవైకి ఇరవై, నాలుగు వందల గళ్ళు గీసుకుని, ప్రతి నెల ఒకటో తారీఖున కుడికంటితో ఎన్ని గళ్ళు కనబడడం లేదో లెక్క పెట్టడం మొదలుపెట్టాను. జూన్ ఒకటిన 38. జూలై ఒకటిన 51. ఆగస్టు ఒకటిన 67.

లెక్కల టీచరుగా ముప్పై మూడేళ్ళు పనిచేసి, 2001 జూలై 31న రిటైరయ్యాను. ఆఖరి ఉద్యోగం తల్లాడలో. ఆ తర్వాత ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో కట్టుకున్న ఇంట్లో నేనూ, భర్త పోయిన మా చెల్లెలూ ఉంటున్నాం. రిటైరైన మరునాటి నుంచి నాకున్న పని ఒక్కటే, చదవడం. గొప్ప పుస్తకాలని చెప్పుకునేవి కావు. ఊళ్ళో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. పదడుగుల గది, నేల నుంచి కప్పు దాకా నవలలు. డిటెక్టివ్ నవలలు, ప్రేమ నవలలు, వారపత్రికల సీరియళ్ళను కుట్టి బైండు చేసినవి. అన్నిటికన్నా గిరాకీ ఉన్నవి ఇంటర్ చదివే ఆడపిల్లలు ఎగబడే సాహస నవలలు. నలుగురు పిల్లలు, ఒక పాత మ్యాపు, ఒక అడవి. అరవై ఏళ్ళ దాన్ని, అవి నాకూ ఇష్టం. ఇందులో సిగ్గుపడడానికి ఏమీ లేదు.

అద్దె పుస్తకాల ఆఖరి కాగితం మీద చదివినవాళ్ళు ఏదో ఒకటి రాయడం అలవాటు. "సూపర్." "హీరోయిన్‌కు బుద్ధి లేదు." "ఆఖరి పేజీ చింపినోడి చెయ్యి విరగ." వీటిని చూస్తే నాకు చిరాకు. సూపర్ అంటే ఎంత? దేనితో పోలిస్తే? అందుకని 2001 ఆగస్టు నుంచి నేను చదివిన ప్రతి పుస్తకానికీ ఆఖరి అట్ట లోపల ఒక చీటీ అంటించేదాన్ని. చదవడం పూర్తయిన తేదీ, పేజీలు, మార్కులు, ఒక వాక్యంలో అభిప్రాయం, సంతకం. మొత్తం 25 మార్కులు. కథకు 8, భాషకు 7, ముగింపుకు 5, నమ్మదగినతనానికి 5. పాసు మార్కు ముప్పై ఐదు శాతం అంటే ఎనిమిదీ ముప్పావు వస్తుంది, తొమ్మిదిగా తీసుకున్నాను. నియమాలు రెండు. ఆఖరి పేజీ దాకా చదవని పుస్తకానికి మార్కు వేయరాదు. ఒకసారి వేసిన మార్కును మళ్ళీ చదవకుండా మార్చరాదు.

మొదట్లో షాపాయన నవ్వాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఇరవై మార్కులు దాటిన పుస్తకాలకు గుమ్మం పక్కన వేరే అర పెట్టాడు. ఆదివారాలు కోచింగ్ కాలేజీల హాస్టళ్ళ నుంచి వచ్చే పిల్లలు లోపలికి అడుగు పెట్టకుండానే, "ఇరవై దాటినయి కొత్తవి వచ్చినయా అంకుల్?" అని అడిగేవారు. 2006 మే నాటికి నా నోటుబుక్కులో 612 పుస్తకాలు ఎక్కాయి. ఫెయిలైనవి 171. ఇరవై దాటినవి 43.

చూపు పోతుందని తెలిసిన రోజున నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. చదవగలిగినన్నాళ్ళు చదవాలి, నేను వేసిన ఆఖరి మార్కు కూడా మొదటిదానంత సరిగా ఉండాలి. జూన్ మొదటి వారానికే అది అసాధ్యమని తేలింది. వాక్యం మధ్యలో మాట మాయమయ్యేది. కన్ను కొంచెం పక్కకు తిప్పితే ఆ మాట వచ్చేది, దాని పక్కది పోయేది. పేజీకి ఇరవై నిమిషాలు పట్టింది. కథ మరిచిపోయేదాన్ని. పుస్తకం మూసి ఏడ్చిన రోజులున్నాయి, వాటిని లెక్క పెట్టలేదు.

చెల్లెలు తాను చదివి వినిపిస్తానంది. నాలుగు రోజులు చదివింది. కానీ దానికి పుస్తకంతో తగువు.

"'ఆమె కన్నీళ్ళు తుడుచుకుని అతని కోసం ఎదురుచూసింది.' ఎందుకే, నీకు సిగ్గు లేదా? వాడు రాడే!"

"అది నువ్వంటున్నావా, పుస్తకంలో ఉందా?"

"నేనే అంటున్న. పుస్తకంల ఇంకా ఎదురుచూస్తనే ఉంది, దొంగ మొఖంది."

"ఉన్నది మాత్రం చదవవే."

"అయినా ఈ మార్కులేందక్కా? ఫెయిలైతే ఆ పుస్తకం మల్ల పరీక్ష రాస్తదా?"

అప్పుడు పైన గదిలో కిరాయికి ఉన్న అమ్మాయి మెట్లు దిగుతూ ఈ గొడవ విని ఆగింది. పాతికేళ్ళది, ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. కోయ పిల్ల. భద్రాచలం చేరాక ఇంకో రెండు బస్సులు మారితే వాళ్ళ ఊరికి పోయే బాట వస్తుంది. "ఆఫీసు నుంచి వచ్చినంక నేను చదువుత టీచరమ్మా," అంది. "నాకూ టైం పాసైతది."

జూన్ 12న మొదలైంది. సాయంత్రం ఆరింటికి షేర్ ఆటో దిగేది, మొహం కడుక్కుని చాయ్ తాగి ఆరున్నరకు కూర్చునేది, ఏడున్నర దాకా చదివేది. గొంతు ఎత్తదు, దించదు. కామా దగ్గర కామా అంత, చుక్క దగ్గర చుక్క అంత ఆగుతుంది. అప్పుడప్పుడు ఒకచోట నిలిచిపోయేది. పేజీ తిప్పుతోందనుకునేదాన్ని. నవంబరు 18 నాటికి 26 పుస్తకాలయ్యాయి. వాటిలో మూడు ఇరవై దాటాయి. చీటీ ఆమె రాసేది, నేను సంతకం పెట్టేదాన్ని. కనబడని గళ్ళు ఆ నెల మొదట్లో 104. అయినా ఆ అయిదు నెలలు నేను గట్టున పడ్డాననే అనుకున్నాను.

నవంబరు 19, ఆదివారం. పుస్తకం తిరిగి ఇవ్వడానికి చెల్లెలి చెయ్యి పట్టుకుని షాపుకు వెళ్ళాను. ఒక ఇంటర్ పిల్ల నన్ను ఆపింది.

"మేడం, ఈ పుస్తకానికి ఇరవై రెండు ఏసింది మీరేనా?"

"ఏ పుస్తకం?"

ఆమె పేరు చెప్పింది. రెండు వారాల కిందట విన్నదే. సెలవుల్లో నలుగురు పట్నం పిల్లలు అడవిలో దారి తప్పే కథ.

"ముగింపుకు ఐదుకు ఐదు ఏసిన్రు. 'అడవి మనుషులు పిల్లలను తమ ఇళ్ళలో ఉంచుకుని, తెల్లారి దారి చూపి పంపే ఘట్టం చాలా సహజంగా ఉంది' అని రాసిన్రు. దారి చూపుడేంది మేడం! అండ్ల పిల్లను గుంజకు కట్టేసి బలి ఇస్తుంటే?"

పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. "చదవకుండనే ఏసిండ్రేమోనే," అని ఒకతె గుసగుసగా అంది. కళ్ళు పోయేవాళ్ళకు చెవులు బాగా పనిచేస్తాయి. "పెద్దామెకు చూపుతోపాటు మతి గూడ పోయినట్టుంది," అని ఇంకొకతె. షాపాయన వాళ్ళను కసిరాడు కానీ, నాతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు మారింది. జబ్బు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. "పోనీ టీచరమ్మా, కొన్నాళ్ళు ఆపుండ్రి. రెస్టు తీసుకోండ్రి."

ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుని పంతొమ్మిదో ఎక్కం చెప్పుకున్నాను. ఒకటి నుంచి ముప్పై దాకా వర్గాలు చెప్పుకున్నాను. ఉద్యోగంలో చేరిన తేదీ, బదిలీ అయిన తేదీలు, అమ్మ పోయిన తేదీ. అన్నీ వచ్చాయి. కానీ వింటున్నదీ నేనే, సరిచూస్తున్నదీ నేనే. తల చెడిపోతే చెడిపోయిందని ఆ తలకు ఎలా తెలుస్తుంది? చూపు పోవడాన్ని గళ్ళతో కొలిచాను. దీన్ని దేనితో కొలవాలి?

మరునాడు పొద్దున చెల్లెలిని పంపి ఆ పుస్తకం తెప్పించాను. వరండాలో ఎండకు కూర్చుని, భూతద్దం పెట్టి, చూపు పక్కకు తిప్పి, ఒక్కొక్క అక్షరం పట్టుకుని ఆఖరి పద్నాలుగు పేజీలు చదివాను. మూడు పొద్దులు పట్టింది. మూడో పొద్దుకు అర్థమైంది. నా తల చెడిపోలేదు. పుస్తకంలో గుంజ ఉంది, డప్పులు ఉన్నాయి, తల నిండా ఈకలు పెట్టుకున్న గూడెం దొర ఉన్నాడు. పట్నం పిల్లవాడు టార్చిలైటు వేస్తే అది దేవుడి కన్ను అనుకుని వాళ్ళంతా సాగిలపడడం ఉంది. ఇళ్ళలో ఉంచుకోవడం లేదు. దారి చూపడం లేదు.

ఆ సాయంత్రం అమ్మాయి వచ్చేసరికి ఆ పుస్తకమే బల్ల మీద పెట్టి ఉంచాను.

"ఆఖరి పద్నాలుగు పేజీలు చదువు."

"అయిపోయింది గద టీచరమ్మా అది."

"మళ్ళీ చదువు. ఉన్నది ఉన్నట్టు."

పుస్తకం పక్కనున్న భూతద్దాన్ని ఎత్తి పెట్టిన చప్పుడైంది. తర్వాత, "మీరే చదివిన్రా?" అంది.

"చదివాను. మూడు రోజులు పట్టింది. ఎన్ని పుస్తకాల్లో మార్చావు?"

"తొమ్మిదిట్ల."

తడుముకోకుండా చెప్పింది. ఆమె కూడా లెక్క పెట్టుకునే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఆరింటిలో తొమ్మిది. తొమ్మిది అబద్ధాల కింద నా సంతకం.

"నేను మార్కులు వేసేది పుస్తకానికి. నీకు కాదు. గుడ్డిదాన్ని కదా, ఏం చదివినా చెల్లుతుందనుకున్నావా?"

"పోనియ్యి అక్కా," అని వంటింట్లోంచి చెల్లెలు. "రాసినోని కంటే ఈ పిల్ల చెప్పిందే మంచిగుండె."

"నువ్వు మాట్లాడకు."

అమ్మాయి లేచి నిలబడింది. వెళ్ళిపోతుందనుకున్నాను. నిలబడే మాట్లాడింది.

"అవ్ టీచరమ్మా, మీరు పుస్తకానికే ఏసిన్రు. నేను ఈడ డిగ్రీ చదివేటప్పుడు మీ మార్కులు చూసే పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. అప్పుడు మీరెవరో నాకు తెల్వదు. ఒకదాని అట్ట మీద నెమలీకల మనిషి ఉంటడు, చేతిల పుర్రె. దానికి ఇరవై ఒకటి ఏసిన్రు. గుర్తున్నదా?"

గుర్తుంది. 2002 ఫిబ్రవరిలో. కథ 7, భాష 5, ముగింపు 4.

"నమ్మదగినతనం ఎంత ఏసిన్రు?"

ఇరవై ఒకటిలోంచి పదహారు తీసేశాను.

"ఐదుకు ఐదు. హాస్టల్ల నా పక్క మంచం పిల్ల అది చదివి, 'మీ ఊళ్ళ గిట్లనే చేస్తరా?' అని అడిగింది. చెయ్యరు అన్న. 'మరి టీచరు ఐదుకు ఐదు ఏసింది గదే' అన్నది. ఏమనాలె నేను? పదేండ్లకే హాస్టల్‌కు వచ్చినదాన్ని. మా ఊరి సంగతి నాకే సరిగ తెల్వదేమో అనుకున్న. సెలవులకు పోయినప్పుడు మా నాయన్ను అడిగిన. మన పెద్దోళ్ళు మనుషులను బలి ఇచ్చేటోళ్ళా అని. మూడు దినాలు నాతోటి మాట్లాడలే మా నాయన."

చెల్లెలు వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడినట్టు గాజుల చప్పుడైంది.

"మీరు చదువుమంటే చదివిన. అసొంటియి వచ్చినకాడ నా నోరు తిరగలే. నా నోటితోని మా నాయన్ను గట్ల ఎట్ల చెప్పాలె? అందుకే మావోళ్ళు ఏం చేస్తరో అది చెప్పిన. దారి తప్పి వస్తే ఏం చేస్తరు? అన్నం పెడతరు. తెల్లారి దారి చూపిస్తరు. నేను కొత్తది ఏం కల్పించలే."

పుస్తకం బల్ల మీద సరిగ్గా పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. మరునాడు ఆరున్నరకు దిగలేదు. ఆ తర్వాతా దిగలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1979 జూలై నుంచి 1985 జూన్ దాకా ఆరేళ్ళు నేను భద్రాచలం అవతలి అడవి పల్లెలో పనిచేశాను. 1981లో జనాభా లెక్కలకు టీచర్లను వేస్తే, నాకు వచ్చినవి కోయగూడేలే. తొమ్మిది రోజులు, 61 ఇళ్ళు, 287 మంది. ఆ తొమ్మిది రోజులూ ఒక పెద్దాయన నా ఫారాల మూట నెత్తిన పెట్టుకుని నా ముందు నడిచాడు. ప్రతి గుమ్మం ముందూ ఆగి, పిలిచి, లోపలివాళ్ళు రమ్మన్నాకే నన్ను అడుగు పెట్టనిచ్చేవాడు. నేను ఎక్కడ తిన్నానో, ఎవరి మంచం మీద పడుకున్నానో అన్నీ ఎరుగుదును. వాళ్ళ పేర్లు, వయసులు నా చేత్తో రాశాను. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత అదే చేత్తో, వాళ్ళు పుర్రెలు పట్టుకు తిరుగుతారన్న పుస్తకానికి ఐదుకు ఐదు వేశాను.

ఎందుకు వేశానని ఆ వారమంతా నన్ను నేను అడిగాను. జవాబు దొరికింది, అది నిద్ర పట్టనిచ్చేది కాదు. అంతకుముందు చదివిన అడవి నవలలన్నిటిలోనూ అలాగే ఉంది. కాబట్టి ఇదీ వాటికి సరిపోలింది. సరిపోలింది కాబట్టి నమ్మదగినది. నేను పుస్తకాన్ని పుస్తకాలతోనే సరిచూశాను. నేను లెక్క పెట్టి వచ్చిన 287 మందితో సరిచూడాలని ఒక్కసారి కూడా తోచలేదు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసిన పిల్లల్ని నేను ఎన్నిసార్లు బయట నిలబెట్టానో!

డిసెంబరు 11న షాపాయన తానే ఇంటికి వచ్చాడు. సంతోషంగా ఉన్నాడు. షాపు మూసేస్తున్నాడట. కేబుల్ టీవీ వచ్చినప్పుడే సగం మంది పోయారు, సెల్‌ఫోన్లు వచ్చాక మిగతా సగం. జాగా ఫోటోస్టాటు వాళ్ళకు ఇచ్చేశాడు.

"కానీ మీ పుస్తకాలకు మంచి దారి దొరికింది టీచరమ్మా. ఒక దాత ఉన్నడు, భద్రాచలం అవతల అడవిల ఆడపిల్లల హాస్టల్‌కు లైబ్రరీ పెట్టిస్తుండు. 'అన్నీ వద్దు, మంచియి మాత్రం ఇయ్యి' అన్నడు. నాకేం ఎరుక మంచియి ఏందో? ఇరవై మీది అర మొత్తం ఇస్త అన్న. నలభై ఆరు. ఎల్లుండి సాయంత్రం ఐదింటికి వ్యాను వస్తది."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో బల్ల కనబడలేదు.

"ఇవ్వకు," అన్నాను.

"ఏంది?"

"ఆ పుస్తకాలు ఆ పిల్లలకు ఇవ్వకు. నేను తప్పు మార్కులు వేశాను."

"మాట ఇచ్చిన టీచరమ్మా. నలభై ఆరు అని చెప్పిన. మీరు ఊకె పరేషాన్ కాకుండ్రి. అయినా తప్పు మార్కులు మీరెందుకు ఏస్తరు?" అని నవ్వాడు. ఐదేళ్ళలో ఆయన నన్ను అంతగా నమ్మినట్టు ఎన్నడూ అనిపించలేదు.

ఆయన వెళ్ళాక పద్దెనిమిది మెట్లు గోడ పట్టుకుని ఎక్కాను. ఇల్లు కట్టాక ఆ మెట్లెక్కి కిరాయిదారు గుమ్మంలో నిలబడడం అదే మొదలు. అమ్మాయి బట్టలు మడత పెడుతోంది. జరిగింది చెప్పాను. హాస్టల్ ఎక్కడో చెప్పగానే ఆమె చేతుల్లో కదలిక ఆగిపోయింది.

"నేను చదివింది ఆడనే," అంది. "పదో తరగతి దాకా."

"నలభై ఆరూ చూడాలి. నాకు కళ్ళు లేవు. నువ్వు చదివిపెట్టాలి."

"చదవను."

"బిడ్డా..."

"పైకి చదవను టీచరమ్మా. పేజీలు తిరగేస్త. అసొంటిది కనబడితే పేజీ నంబరు చెప్త. మాటలు చెప్పను. మీరు అడగొద్దు."

మళ్ళీ చదవకుండా మార్కు మార్చరాదన్నది నా నియమం. ఐదేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. "అడగను," అన్నాను.

ఆఫీసులో సెలవు ఒక్క రోజే దొరికింది, పదమూడో తారీఖు. పొద్దున తొమ్మిదింటికల్లా షాపులో ఉన్నాం. ఆమె నేల మీద కూర్చుంది, నేను స్టూలు మీద. చూసిన పుస్తకాన్ని ఎడమవైపు పెట్టేది. దొరికితే నంబరు చెప్పేది. "డెబ్బై మూడు." "నూట పన్నెండు, నూట పదమూడు." ఒకదానికి, "మొత్తం," అని ఊరుకుంది. అప్పుడు ఆ చీటీ మీద ఐదు కొట్టేసి సున్నా వేసి, మొత్తం దిద్ది, నా వేలిని పట్టుకెళ్ళి సంతకం చోట ఆనించేది. నేను సంతకం పెట్టేదాన్ని. ఏ వాక్యానికి సున్నా వేస్తున్నానో తెలియదు. ఆమె మాట మీద వేశాను.

షాపాయన అటు పుస్తకాలు కట్టలు కడుతూ తొంగి చూశాడు.

"ఏంది టీచరమ్మా, పాసైనోళ్ళను పట్టుకొచ్చి కింద పడేస్తుండ్రు?"

"రీవాల్యుయేషన్ అన్నా," అంది అమ్మాయి తలెత్తకుండా.

"మరి నాకు లెక్క తగ్గుతది గద?"

"వంటల పుస్తకాలు పెట్టు, జనరల్ నాలెడ్జ్ పెట్టు. లెక్కే గద నీకు కావల్సింది."

ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. తీసేసిన వాటి బదులు చేతికి అందినవి పెట్టాడు. ఒంటిగంటకు ఇరవై నాలుగు చూశాం. చెల్లెలు అన్నం తెచ్చింది, అమ్మాయి తినలేదు. రెండుంపావుకు ముప్పై ఒకటి. వాటిలో పన్నెండు తీసేశాం. ఐదింటి దాకా సమయం ఉంది, మిగిలినవి పదిహేను, సరిపోతుందని లెక్క వేసుకుని ఊపిరి పీల్చుకున్నాను.

రెండున్నరకు వ్యాను వచ్చింది. డ్రైవరుకు చీకటి పడకముందే అడవి బాట దాటాలట. "జల్దీ, జల్దీ" అంటూ తానే కట్టలు ఎత్తడం మొదలుపెట్టాడు.

"ఈ పదిహేను ఆపు బాబూ. ఒక్క గంట ఆగు."

"గంటనా? ఆడ బాట ఎట్లుంటదో తెలుసా అమ్మా నీకు?"

తెలుసు. ఆరేళ్ళు నడిచాను. ఒక పుస్తకం లాక్కుని చీటీ పీకబోయాను. మైదాతో అంటించినది, ఆఖరి కాగితంతో సహా చిరిగి వచ్చింది. షాపాయన నా చేయి పట్టుకున్నాడు, మెత్తగానే. "పెద్దదానివి, గిట్ల చెయ్యొద్దు టీచరమ్మా. అందరు చూస్తుండ్రు." అమ్మాయి ఒక కట్టకు అడ్డం నిలబడి డ్రైవరుతో ఏదో అంటోంది, గొంతు మొదటిసారి పైకి లేచింది. వ్యాను తలుపు పడిన చప్పుడు విన్నాను.

పదిహేను పుస్తకాలు. ఒక్కో పుస్తకం ఏడాదికి ముప్పై చేతులు మారినా నాలుగు వందల యాభై. అందులో ఎన్నిటిలో గుంజ ఉందో, ఎన్నిటిలో లేదో నాకు తెలియదు. అన్నిటి మీదా నా మార్కులు ఉన్నాయి. ఒకదాని మీద తప్ప, దాన్ని చింపాను కాబట్టి.

మరునాడే చెల్లెలిని నోటుబుక్కు ముందు కూర్చోబెట్టాను. ఇరవై దాటిన నలభై ఆరులో మేము చూసి టిక్కు పెట్టుకున్న ముప్పై ఒకటి తీసేస్తే మిగిలిన పదిహేను పేర్లూ వచ్చాయి. హాస్టల్ వార్డెన్‌కు ఉత్తరం చెప్పి రాయించాను. ఈ పదిహేను పుస్తకాల వెనక ఉన్న మార్కులు నేనే వేశాను, అవి చూడకుండా వేసినవి, దయచేసి కొట్టివేయించండి, పిల్లలకు కూడా చెప్పండి. చెల్లెలు కలం ఆపింది.

"'చూడకుండా' అంటే వాళ్ళకేం అర్థమైతదక్కా? కళ్ళు లేవనుకుంటరు."

"అప్పుడు ఉన్నాయని రాయి."

రాసింది. డిసెంబరు 14న పోస్టు చేసింది. జనవరి 8న రెండోది, ఫిబ్రవరి 5న మూడోది, రిజిస్టరు పోస్టులో. మార్చి ఒకటిన కనబడని గళ్ళు 171. ఆ తర్వాత గళ్ళు లెక్క పెట్టడం మానేశాను. నాలుగో ఉత్తరం మార్చి 6న వెళ్ళింది.

అమ్మాయి మళ్ళీ నాకు చదవలేదు. నేను అడగలేదు. సాయంత్రం ఆరింటికి షేర్ ఆటో ఆగిన చప్పుడు వినిపిస్తుంది, గేటు తీస్తుంది, వరండా ముందు నిలబడుతుంది.

"జవాబు వచ్చిందా టీచరమ్మా?"

"రాలేదు."

ఆమె ముఖం నాకు కనబడదు.

"ఇంకోటి రాయిండ్రి," అంటుంది.